దుబాసీ ఇంటి రౌటరు

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. పాలవాడి దగ్గర్నుంచి బడి మేష్టారి దాకా అందరికీ ఆమె దుబాసీయే. తల్లికి పుట్టుకతోనే చెవులు వినిపించవు. ఆ తల్లికీ లోకానికీ మధ్య మూడో ఏటి నుంచీ మాటలు మోసిన మనిషికి అంతకంటే తగిన పేరు ఏముంటుంది చెప్పండి? కూరల బేరమైనా, ఇంటి ఓనరుతో తగువైనా, తల్లి చేతులు అన్నది ఈమె నోరు చెప్పేది. ఎదుటివాళ్ల నోరు అన్నది ఈమె చేతులు చెప్పేవి. పెద్దయ్యాక ఆ విద్యే ఆమెకు కూడు పెట్టింది.

ఉద్యోగం ఇదీ. వినిపించనివాళ్లు ఆసుపత్రికో బ్యాంకుకో వెళ్లినప్పుడు ఫోనులో ఒక సంస్థకు వీడియో కాల్ చేస్తారు. ఆ కాల్ దుబాసీ ఇంటి వెనక గదిలో, ఆమె ల్యాప్‌టాప్ తెర మీద తెరుచుకుంటుంది. అటు వాళ్లు సైగలు చేస్తే ఈమె చూసి డాక్టరుకు మాటల్లో చెబుతుంది. డాక్టరు మాటలు విని వాళ్లకు సైగల్లో చెబుతుంది. ఫోనులో మాట తెగితే "హలో, హలో" అని అరుచుకోవచ్చు. సైగ తెగితే ఏమని అరుస్తారు? తెర మీద మనిషి చెయ్యెత్తి అలాగే బిగుసుకుపోతుంది, అంతే.

మూడు వారాల కిందట అదే జరిగింది. ఆసుపత్రిలో ఒకావిడ కూర్చుని ఉంది. డాక్టరు "గొంతులో గడ్డ ఉంది" అన్నాడు. దుబాసీ చేతులతో చెప్పింది. "భయపడాల్సిందేమీ లేదు, మందులతో కరిగిపోతుంది" అన్నాడు. అదీ చెప్పింది. కానీ ఈ రెండో మాట అవతలికి చేరలేదు. తెర ఆగిపోయింది. ఆవిడ గడ్డ మాట ఒక్కటే మోసుకుని బయటికి వెళ్లి, మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చుని ఏడ్చిందట. ఫిర్యాదు వచ్చింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి దుబాసీకి అన్నం సయించలేదు.

ఆ తర్వాత రోజుకు రెండుసార్లు, మూడుసార్లు అదే వరస. చివరికి సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. కుర్రాడే, మర్యాదస్తుడే. ఏం లాభం, నియమం ఆయన చేతిలోది కాదు.

"మేడమ్, శుక్రవారం పదింటికి మీ లైను పరీక్ష పెడతాం. గంటసేపు వీడియో ఆగకుండా నడవాలి. లేదంటే ఇంటి నుంచి పని ఆపేస్తారు. మా ఊళ్లో ఆఫీసుకు వచ్చి చెయ్యండి, ఇక్కడ కుర్చీ ఖాళీగానే ఉంది."

ఆ ఊరు రాత్రంతా రైల్లో వెళ్తే తెల్లారేసరికి వస్తుంది. అక్కడ ఆడవాళ్ల హాస్టల్లో ఒక మంచం దొరుకుతుంది, తల్లికి చోటు దొరకదు. ఇక మిగిలింది వృద్ధాశ్రమం. సైగలు తెలిసినవాళ్లు ఒక్కరూ లేని ఆశ్రమంలో ఆ తల్లిని వదిలిపెట్టడమంటే బతికుండగానే గొంతు నులిమెయ్యడమే. దుబాసీకి ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు. ఉద్యోగం మానేస్తే ఇద్దరూ తినేదేమిటో మాత్రం తెలియదు.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఊళ్లోవాళ్ల మాటలన్నీ ఊళ్లోవాళ్లకు చేరవేసే ఈ మహాతల్లి, ఈ సంగతి కన్నతల్లికి మాత్రం చెప్పలేదు. ముసలిదాన్ని బెంగపెట్టుకోనివ్వడం ఎందుకని అనుకుందట. తెర మొదటిసారి ఆగిన రోజే, ముందు గదిలో నడుమెత్తు అలమర మీదున్న రౌటరును చూపించి, "దాన్ని ముట్టుకోకు" అని మాత్రం కోపంగా సైగ చేసింది. ఎందుకు, ఏమిటి అన్న మాటే లేదు.

తప్పంతా పాత రౌటరుదేనని ఆమె నమ్మకం. నమ్మకపోతే ఏం చేస్తుంది? కాల్ మధ్యలో తెర ఆగగానే ముందు గదిలోకి పరుగెత్తుకొచ్చేది. తీరా చూస్తే రౌటరు బుద్ధిగా దీపాలు మిణుకుమిణుకుమనిపిస్తూ ఉండేది. తిరిగి వెళ్లి కూర్చుంటే కాసేపు బాగుండేది. మళ్లీ తలుపేసుకుని పనిలో పడితే మళ్లీ మొదలు. తల ప్రాణం తోకకొచ్చింది.

వీధి చివర కేబులు మామయ్యను పిలిచింది. ఈ వీధిలో సగం ఇళ్లకు వైరు లాగింది ఆయనే. చూసి బుర్ర గోక్కున్నాడు.

"లైను నిక్షేపంలా ఉందమ్మాయ్. పెట్టె ముసలిదైపోయింది, మార్చెయ్."

"ఏది కొనమంటావు మామయ్యా? ఖరీదైనది నావల్ల కాదు. అలాగని చవకది కొని మళ్లీ ఏడవలేను."

"యాంటెన్నా కొమ్ములు లెక్కపెట్టి కొనకు. మీది రెండు గదుల ఇల్లు, దానికి ఎనిమిది కొమ్ములెందుకు? రెండు బ్యాండ్లు ఉన్నది చాలు. ఒకటి దూరం పోతుంది, ఒకటి వేగం ఇస్తుంది. మూడేళ్ల గ్యారంటీ ఉందో లేదో చూడు. చెడిపోతే మన ఊళ్లోనే బాగుచేస్తారా అని అడుగు. అన్నిటికంటే ముఖ్యం, ఎత్తులో పెట్టు, ఇనుమూ స్టీలూ దగ్గరికి రానీకు. లోహం అడ్డొస్తే ఎంత గొప్పదైనా గుడ్డిదే."

"పోనీ నా గదిలోకే లాగెయ్యకూడదూ?"

"గోడకు చిల్లి పెడితే మీ ఇంటి ఓనరు నాకు చిల్లి పెడతాడు" అని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

మూడు రోజులు కాళ్లరిగేలా తిరిగింది. మొదటి దుకాణంవాడు సాలెపురుగులా కొమ్ములన్నీ చాచుకుని ఉన్న పెట్టెను బల్ల మీద పెట్టి, "ఇది కొంటే పక్కింటివాళ్లు కూడా వాడుకోవచ్చు మేడమ్" అన్నాడు. పక్కింటివాళ్లకు వీడియో ఆగిపోతే ఈమెకెందుకు? రెండోచోట అన్నిటికంటే చవకది చూపించాడు. గ్యారంటీ ఎన్నాళ్లని అడిగితే నీళ్లు నమిలాడు. ఫోనులో జనం రాసిన అభిప్రాయాలు చదివితే ఉన్న మతి కాస్తా పోయింది. ఒకే పెట్టెను ఒకడు దేవుడన్నాడు, ఇంకొకడు దయ్యమన్నాడు. బస్టాపులో నిలబడి అవి చదువుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. తల్లి బతుకు ఏ పెట్టె చేతిలో పెట్టాలో తేల్చుకోలేక వచ్చిన ఏడుపు అది.

మూడో దుకాణంలో ఒక నడివయసు ఆడమనిషి కూర్చుని ఉంది. ఆమె గొప్పలు చెప్పలేదు. "పని దేనికి?" అని అడిగింది. వీడియో అని చెబితే, మామయ్య చెప్పిన గుణాలన్నీ ఉన్న ఒక మామూలు తెల్ల పెట్టె తీసి ఇచ్చింది. "మా ఇంట్లో ఇదే. రెండేళ్లయింది, నేను దాని మొహం చూసి కూడా చాలా రోజులైంది" అంది. ఆ ఒక్క మాటకు దుబాసీ పడిపోయింది. వేడి నీళ్ల గీజరు కోసం దాచుకున్నదంతా అక్కడ పెట్టేసి పెట్టె తెచ్చుకుంది.

మామయ్య వచ్చి బిగించాడు. పాతదానికి మూడు పచ్చ దీపాలుంటే, దీనికి ఆరు నీలం దీపాలు. చీకట్లో కూడా కళ్లు చెదిరేంత వెలుగు. ఆ సాయంత్రం ఆయన కూర్చున్నంతసేపూ వీడియో నీళ్లలా పారింది. మర్నాటి నుంచి మునుపటికంటే ఘోరం. బుధవారం నాలుగుసార్లు ఆగింది. గురువారం అయిదుసార్లు. దుబాసీ కొత్త పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, "నీకు నేనేం ద్రోహం చేశానే!" అని పైకే అరిచింది. కుర్చీలో కూర్చున్న తల్లి కూతురి మొహం చూసి తల దించుకుంది.

శుక్రవారం పదింటికి పరీక్ష మొదలైంది. మొదటి అరగంట తెర మీద మచ్చ లేదు. ఆ అరగంటా తల్లి స్నానాల గదిలో ఉంది. తర్వాత తెర ఒకసారి తడబడింది, మళ్లీ తడబడింది, ఆగిపోయింది. పరీక్ష మధ్యలో లేవకూడదు. దుబాసీ కుర్చీ చేతులు పట్టుకుని, ఆగిన తెరనే చూస్తూ, "రా తల్లీ, రా" అని బతిమాలింది. పదకొండు గంటలకు తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. పరీక్ష తప్పింది.

ఏడుపు మొహం తల్లికి కనపడకూడదని పెరటి తలుపు తీసుకుని బయటికి పోయింది. పక్క సందులో నిలబడి ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని వీధి వైపు తిరిగి వస్తూ, కిటికీలోంచి అనుకోకుండా ముందు గదిలోకి చూసింది.

అలమర మీద రౌటరు లేదు. దాని చోట స్టీలు గిన్నె బోర్లించి ఉంది. తల్లి దాని పక్కనే కుర్చీ వేసుకుని, వెనక గది తలుపు మీదే చూపు నిలిపి, గిన్నె మీద చెయ్యేసుకుని కూర్చుంది. ఆ తలుపు కదిలితే చాలు, గిన్నె ఎత్తి ఒళ్లో దాచేసేది. మూడు వారాలుగా ఇదే కథ!

దుబాసీ వీధి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. గిన్నె లాగి నేలకేసి కొట్టింది. ఆ చప్పుడు పక్కింటికి వినిపించింది కానీ తల్లికి వినిపించలేదు. కూతురి చేతులు మాత్రం కనిపించాయి. అంత వేగంగా, అంత కోపంగా ఆ చేతులు ఆమె ముందు ఎప్పుడూ కదల్లేదు.

"ఎందుకు చేశావు? చెప్పు! ఎందుకు?"

తల్లి సైగలతో చెప్పింది. "ఈ ఇంట్లో బెల్లు కొడితే దీపం మిణుకుమంటుంది. ముప్ఫై ఏళ్లుగా మిణుకుమంటే లేవాలి, ఎవరో వచ్చారు. ఇది బెల్లు కాదని నా బుర్రకు తెలుసు. నా కాళ్లకు తెలీదు. మోకాలు పట్టేశాక ఇక్కడే కూర్చుంటున్నాను కదా, అది కంట్లో పడుతూనే ఉంది. లేస్తాను, తలుపు తీస్తాను, ఎవరూ ఉండరు. రోజుకు వందసార్లు లేవలేకపోయాను. గుడ్డ కప్పితే అంటుకుంటుందని భయమేసింది. గిన్నె అయితే అంటుకోదుగా. ముట్టుకోవద్దన్నావని దాచాను."

దుబాసీ తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది. అప్పుడు చెప్పింది, అంతా. గడ్డ ఆవిడ సంగతి, పరీక్ష, ఆ ఊరి కుర్చీ, ఆశ్రమం. తల్లి చూస్తూ చూస్తూ, చివరికి రెండు చేతులతో తన నుదురు తనే కొట్టుకుంది.

అంతలో ల్యాప్‌టాప్ మోగింది. దుబాసీ వెళ్లి తీసింది. సూపర్‌వైజరు మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"రిపోర్టు వచ్చింది మేడమ్. నేను చేయగలిగింది లేదు. ఒకటో తారీకు నుంచి ఇక్కడికి..."

ఆయన మాట పూర్తికాకుండానే తల్లి కుంటుకుంటూ వచ్చి కెమెరా ముందు నిలబడింది. దుబాసీల పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఎదుటి మనిషి "నేను" అంటే "నేను" అనే చెప్పాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు. తల్లి చేతులు కదిలాయి, కూతురి నోరు పలికింది.

"తప్పు నాది బాబూ. ఆ దీపాల మీద గిన్నె నేనే బోర్లించాను. నా కూతురికి తెలీదు. దాన్నేమీ అనకండి."

తల్లి ఆగలేదు. "దాన్ని మీ ఊరు తీసుకుపోండి. నన్ను ఏదో ఒక ఆశ్రమంలో పడేయమనండి. అక్కడ ఎవరితోనూ మాట్లాడకపోయినా నాకేం కాదు. నా వల్ల దాని అన్నం పోకూడదు."

దుబాసీ నోరు ఆగిపోయింది. ఆ మాటల్లో ఒక్కటీ ఆమె పలకలేదు.

"ఏమంటున్నారు మేడమ్, మీ అమ్మగారు?"

"ఇంకొక్క పరీక్ష పెట్టమని అడుగుతోంది సార్" అంది దుబాసీ. పచ్చి అబద్ధం. ఆ ఉద్యోగంలో ఆమె చెప్పిన మొదటిది.

ఆయన కాసేపు ఆ ముసలామె మొహం చూశాడు. "ఇంతసేపు మాట్లాడాం, ఒక్కసారి కూడా ఆగలేదు. సరే, పైవాళ్లతో నేను మాట్లాడతాను. సోమవారం పదింటికి. అదే ఆఖరు మేడమ్."

కాల్ ముగిసింది. దుబాసీ సొరుగులోంచి నల్ల టేపు తీసుకెళ్లి ఆరు నీలం దీపాల మీదా అంటించింది. వెనక్కి తిరిగేసరికి తల్లి గుమ్మంలో నిలబడి ఉంది.

"నేను అంత చెప్పాను. నువ్వు ఆ కాస్తే చెప్పావు."

"అంతా చెప్పానమ్మా."

"నీ పెదాలు చూశాను." తల్లి చేతులు మళ్లీ మెల్లిగా కదిలాయి. "మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా డాక్టరు అంతసేపు మాట్లాడాడు. నువ్వు నాతో, 'నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తారట' అన్నావు. నేను ఇంటికొచ్చి ఆయన కోసం గదులు కడిగాను, పక్క దులిపాను, రెండు రోజులు ఆయన దగ్గర లేను. మూడో రోజుకు పోయాడు. ఆ డాక్టరు నిజంగా అదే అన్నాడా?"

దుబాసీ చేతులు పైకి లేవలేదు.