దింపు రోజు సగం క్యాప్చర్

ఉద్యోగం పోయేటప్పుడు మనిషి మెదడు పాదరసంలా పనిచేస్తుందంటారు. నాకు చెమట పట్టడం తప్ప ఏమీ జరగలేదు.

అంబాజీపేటలో మా ఇంటి వసారాలోంచే హైదరాబాదు కంపెనీకి పనిచేస్తున్నాను. ప్రొబేషన్‌లో అది ఆఖరి వారం. నేను తయారుచేసిన దరఖాస్తు పేజీ, సబ్మిట్ నొక్కగానే నిలిచిపోతోంది. తప్పు నా కోడ్‌దో సర్వర్‌దో మధ్యాహ్నం పన్నెండులోగా పూర్తి క్యాప్చర్‌తో తేల్చమన్నారు మేనేజర్‌గారు. తేలకపోతే కన్ఫర్మేషన్ ఉండదన్నారు. గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది.

క్యాప్చర్ అంటే లాప్‌టాప్‌కీ వెబ్‌సైట్‌కీ మధ్య నడిచే మాటల్ని ముక్క కూడా వదలకుండా ఫైల్లోకి పట్టడం. వైఫై మీద పట్టడం మొదలుపెట్టి, లాగిన్ అయ్యాను. అంతలో పెరట్లోకి కొబ్బరి దింపు తీసే బాబాయ్ వచ్చేడు.

"బాబూ, నెట్టు తీగ చెట్టు కిందే ఉందండి. గెల పడి తెగితే నన్ననకండి."

అమ్మ లోపల్నుంచి అరిచింది. "ముందే ఫోను తగిలించుకోరా! పోయేక ఊరంతా వినేలా ఏడుస్తావు."

దింపు రోజున మా వీధిలో నెట్టున్న ప్రతి ఇంట్లోనూ ఇదే జాగ్రత్త. ఫోన్‌ని తీగతో లాప్‌టాప్‌కి తగిలించి, దాని నెట్ ఆన్ చేశాను. పనిలో పడ్డాను.

లాగిన్ దాకా అన్నీ పడ్డాయి. సబ్మిట్ నొక్కాక ఒక్క ముక్కా లేదు. ఫిల్టర్లన్నీ తీసేశాను. మళ్లీ నొక్కాను. పాత కనెక్షన్‌లో చిన్నచిన్న పలకరింపులు వస్తున్నాయి కాబట్టి క్యాప్చర్ పట్టే సాఫ్ట్‌వేర్ బతికే ఉంది. చచ్చేది నేనే. పదకొండున్నరయింది. దేవుణ్ణి తలుచుకుందామనుకున్నాను గాని, ఆయన ఏ పోర్టులో వింటాడో తెలియలేదు.

చెట్టు మీంచి బాబాయ్, "ఏం బాబూ, అలా అయిపోయేరు?"

"ఉద్యోగం పోతోంది బాబాయ్."

"పోతే మా వెంట వచ్చేయండి. చెట్టెక్కే మనిషి దొరకట్లేదు, ఆయ్."

"వాడా? స్టూలెక్కితేనే కళ్లు తిరుగుతాయి," అంది అమ్మ.

అప్పుడు ఫోన్ కుయ్యిమంది. ఈరోజు డేటాలో సగం వాడేశారట. నేనా? నేను వాడుతున్నది వైఫై కదా!

కాదు. ఫోన్ తగిలించిన క్షణం నుంచీ కొత్త కనెక్షన్లన్నీ ఫోన్ దారినే పోతున్నాయి. పాతవి మాత్రం వైఫైలో ఉండిపోయాయి. నేను ఖాళీ దారిలో కాపు కాస్తున్నాను.

రెండు దారుల మీదా పట్టాను. ఫైలు నిండుగా వచ్చింది. అందులో నా నేరం కూడా నిండుగానే ఉంది: సర్వర్ జవాబు పంపుతోంది, నా కోడే అది పూర్తిగా వినకుండా ముందే కనెక్షన్ తెంపేస్తోంది. ఇంత కష్టపడి నన్ను నేనే పట్టిచ్చుకున్నాను. అయినా, "తప్పు నాదేనండి" అని రాసి, ఫైలు జతచేసి పంపించాను.

పంపుతుండగానే గెల పడింది, నెట్టు తీగ తెగింది. మెయిల్ మాత్రం ఫోన్ మీదుగా వెళ్లిపోయింది.

పన్నెండు దాటాక జవాబొచ్చింది: "ఎప్పటికి సరిచేస్తావు?"

తీసేసేవాణ్ణి ఎవరూ ఆ ప్రశ్న అడగరు. అలా అని నాకు నేను పదిసార్లు చెప్పుకున్నాను. పదకొండోసారి చెప్పుకుంటూ కోడ్ తెరిచాను.