పూత మందు

బస్తర్ సంస్థానం రోజుల్లో కొంటా వైపు ఓ చిన్న ఆసుపత్రిలో కొత్తగా కాంపౌండరుగా చేరాను. ఒక మధ్యాహ్నం చలిజ్వరంతో వణుకుతున్న లచ్చమ్మ కోసం క్వినైన్ మందు అనుకుని గ్లాసులో పోసి, ఆమె భర్త చేతికిచ్చాను.

అతను గ్లాసును ఆమె నోటిదాకా తీసుకెళ్లి ఆగాడు. "ఏంది దొరా, పొద్దుగాల మందు ఇట్ల వాసన రాలే" అన్నాడు.

సీసా తిప్పి చూశాను. అది నొప్పులకు ఒంటికి పూసే మందు, తాగితే విషం! గ్లాసు లాక్కున్నాను. "తాగినవా అమ్మా?" అని లచ్చమ్మను ఎన్నిసార్లు అడిగానో! "లేదయ్యా" అంటూనే ఉంది పాపం.

జరిగింది డాక్టరుగారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. పూత మందులన్నీ వేరే బీరువాలో పెట్టించారు.

ఆపై సీసా మీది చీటీ పైకి చదవనిదే ఏ మందూ పోయలేదు. నా మీద నమ్మకంతో ఆ రోజు అతను ఊరుకుని ఉంటే? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.