సాక్ష్యం చెప్పాక మానేసిన మందు

మా ఆయన సంగటి ముద్ద సగంలో వదిలేసి లేచిన రోజునే నాకు అనుమానం వచ్చింది. రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్ పని చేసే మనిషి. పొద్దున్నే రెండు ముద్దలు తినందే గడప దాటేవాడు కాదు. నయాపైసలు కొత్తగా వచ్చిన కాలం అది. పెనుకొండ స్టేషను దగ్గర గ్యాంగు ఇళ్ళలో ఉండేవాళ్ళం, ఆయన, నేను, మా మూడేళ్ళ పాప గ్రేసమ్మ. ఉప్పు ఎక్కువైందా అని అడిగాను. "ఉప్పు సరిగానే ఉండాది. నోటికే సయించల్యా" అన్నాడు.

తర్వాత దగ్గు మొదలైంది. కంకర దుమ్ము అన్నాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ఎండ అన్నాడు. మిరియాల కషాయం కాచి పోశాను, తులసాకు నమిలించాను. చొక్కా వదులైపోతూ వచ్చింది. ఒకరోజు పట్టాల కింద స్లీపరు ఎత్తుతూ కూర్చుండిపోయి, కంకర మీద రక్తం ఉమ్మాడట. తోటి పనివాళ్ళు ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చారు.

హిందూపురం ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్-రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. "రైట్ అప్పర్ లోబ్‌లో కేవిటీ ఉంది, ఊపిరితిత్తి పైభాగంలో గుంట. స్పూటం, కళ్ళె కూడా పాజిటివ్. టీబీ" అన్నాడు. ఆ జబ్బు పేరు మా వైపు ఎవరూ పైకి అనేవారు కాదు. డాక్టరు మాత్రం నెమ్మదిగా చెప్పాడు. "భయపడద్దమ్మా, ఇప్పుడు మందులున్నాయి. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, ఐ.ఎన్.హెచ్. మాత్రలు, పీ.ఏ.ఎస్. ఏడాదిన్నర వాడాలి. నాలుగు నెలలకే ఒళ్ళు తేరుకుంటుంది. అసలు ప్రమాదం అప్పుడే. బాగైపోయిందనుకుని మానేస్తారు." నా చంకలో ఉన్న పాపను చూసి, "వేరే పడక, వేరే పళ్ళెం పెట్టండి. వచ్చేసారి ఈ పిల్లనూ పరీక్ష చేద్దాం" అన్నాడు.

పొయ్యి అంటించక ముందు మోకరించి పైకి వినబడేట్లు ప్రార్థన చేయడం మా అమ్మ నేర్పిన అలవాటు. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నా ప్రార్థన బడిలో ఎక్కం అప్పజెప్పినట్లే ఉండేది. అందరినీ దీవించు, పంటలు దీవించు, ఆమెన్. మర్నాడు పొద్దున ఆ మాటలేవీ నోటికి రాలేదు. "నాయనా, ఈ మనిషి పోతే నేనేం చేయాల?" అని మాత్రం అడిగాను. నా మాటల్లో నేను చేసిన మొదటి ప్రార్థన అదేననుకుంటాను.

ఇంజెక్షన్లు పెనుకొండలోనే కాంపౌండరు వేసేవాడు. మా ఆయనకు చెవుల్లో ఒకటే హోరు. పీ.ఏ.ఎస్. పొడి మజ్జిగలో కలిపి ఇస్తే కడుపులో దేవేది. "విషమైనా ఇంతకన్నా రుచిగా ఉంటాదేమో" అనేవాడు. అయినా మింగాడు. మా చర్చి సంఘం వాళ్ళు శుక్రవారం శుక్రవారం మా ఇంటికి వచ్చి ప్రార్థన చేసేవాళ్ళు. వచ్చినవాళ్ళు ఊరికే రాలేదు. ఒకరు గుడ్లు, ఒకరు రాగిపిండి, ఇంకొకరు పాలు తెచ్చేవాళ్ళు. జబ్బు పేరు వినగానే గ్యాంగు ఇళ్ళలో చాలామంది మా గడప తొక్కడం మానేశారు. వీళ్ళు మానలేదు. ఆ మేలు నేను మరిచిపోను.

నాలుగు నెలలకు డాక్టరు అన్నట్లే ఒళ్ళు తేరుకుంది. అప్పుడే కోతపండుగ వచ్చింది. మా గుడిలో ఆ రోజు పండినది ఏదో ఒకటి తెచ్చి దేవుని ముందర పెడతారు. ఆ ఏడాది మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్తారు. మా ఆయన చెనిక్కాయల మూట, వేరుశనగ మూట, భుజాన వేసుకుని, ఒక్క దగ్గు లేకుండా గుడి చివరి నుంచి ముందు దాకా నడిచాడు. "దేవుడు నన్ను బాగు చేసినాడు. నాకిప్పుడు ఏ జబ్బూ ల్యా" అని చెప్పాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

ఆ వారంలోనే సంఘపెద్ద ఏసురత్నం గారు ఇంటికొచ్చారు. మంచి మనిషి. మా ఆయన మంచం పట్టినప్పుడు అందరికన్నా ముందు వచ్చింది ఆయనే. గూట్లో ఉన్న మందు డబ్బాను చూశారు.

"ఏమప్పా దానియేలూ, ఇంగా మందులు మింగతాండావా?"

"అవునయ్యా. డాక్టరు చెప్పినాడు."

"సంఘం ముందర ఏ జబ్బూ ల్యా అన్యావు కదప్పా. అంతమంది ముందర చెప్పి, ఈడ సూదులు ఏయించుకుంటాంటే దేవున్ని అబద్ధికున్ని చేసినట్ల కాదా?"

మా ఆయన మర్నాడు కాంపౌండరు దగ్గరికి పోలేదు. చెవుల హోరు, కడుపులో తిప్పడం తప్పుతాయన్న ఆశ కూడా అందులో ఉందని నా అనుమానం. నేను ఊరుకోలేదు, మందు మానొద్దని పోరాను.

"డాక్టరు పెద్దనా, దేవుడు పెద్దనా?" అన్నాడు.

"దేవుడే పెద్ద. ఆ డాక్టరును మనకు చూపించింది ఎవురు మరి?"

కండువా వేసుకుని బయటికి పోయాడు. బాగైన మనిషికి వేరే పడక ఎందుకని పాపను మళ్ళీ పక్కలో వేసుకున్నాడు. హిందూపురం ప్రయాణం సంగతి ఎత్తితే సంఘాన్ని అవమానించినట్లు చూసేవాడు. పాప పరీక్ష కూడా అలాగే ఆగిపోయింది.

వానలు పట్టేసరికి దగ్గు తిరిగొచ్చింది. మిరపకాయల ఘాటు అన్నాడు. ఆ రోజు నేను పొయ్యి మీద పెట్టింది పాలు. పెళ్ళయినప్పటి నుంచి ఒక్క గుడ్డ ఉతకని మనిషి తన తువ్వాలు తనే ఉతుక్కుని ఆరేసుకోవడం మొదలుపెట్టాడు. ఎవరికి చెప్పను? ఆయన బాగుపడ్డాడని పది ఊళ్ళలో చెప్పుకుంటున్నారు. అబద్ధమని చెప్తే ఆయన పరువూ, సంఘం పరువూ, చివరికి దేవుని పరువూ నేనే తీసినట్లవుతుందేమోనని భయపడ్డాను. రోజూ పొద్దున పొయ్యి ముందర మోకరించి లోలోపలే ఏడ్చేదాన్ని. ఇంతలో పాపకూ జ్వరం వచ్చింది. తిన్నది కక్కేది, ఒకటే నిద్ర. నులిపురుగులనుకుని ఆముదం తాగించాను.

ఒక పొద్దున ఇక నావల్ల కాలేదు. అలవాటు ప్రకారం మోకరించి గొంతెత్తి చెప్పాను. "నాయనా, ఈయన మళ్ళా రక్తం ఉమ్ముతాండాడు. నాకు తెలీదనుకోని తువ్వాలు దాచిపెడతాండాడు. గుడిలో చెప్పిన మాటకు సిగ్గుపడి సచ్చిపోయేట్లుండాడు. ఆ సిగ్గు నీకెందుకు? ఈ మనిషి నాక్కావల. నేనింగ మోయలేను, నీ కాళ్ళకాడ పెడతాండా." దేవుడికి చెవుడు లేదని నాకు తెలుసు. గట్టిగా అన్నది గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి కోసమే.

ఆయన లేచాడు. నా వైపు చూడకుండా మొహం కడుక్కున్నాడు. "హిందూపురం బండి ఎన్నింటికి?" అని అడిగాడు.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఎందుకు మానేశావు?" అని మాత్రం అడిగి, కొత్త ఫిల్ము చూసి, "కేవిటీ పెద్దదైంది. పాత మందులు ఇప్పుడు పనిచేస్తాయో లేదో. రెసిస్టెన్స్ వచ్చి ఉండొచ్చు" అన్నాడు. అంతలో నా భుజం మీద తల వాల్చిన పాపను చూసి మాట ఆపేశాడు. బల్ల మీద పడుకోబెట్టమన్నాడు. తల ఎత్తబోతే మెడ వంగలేదు. మా ఆయన సంగతి పక్కన పెట్టి నర్సును కేకేశాడు.

వెన్నులో సూది దించి నీళ్ళు తీశారు. లంబార్ పంక్చర్ అన్నారు. తర్వాత డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. "టీబీ మెనింజైటిస్, జబ్బు మెదడు పొరలకు పాకింది. ఆలస్యమైందమ్మా. చేయగలిగింది చేస్తాం." తండ్రి ఒక వార్డు, బిడ్డ ఒక వార్డు. రెండింటి మధ్య వరండాలో నడుస్తూ ప్రార్థించాను. ముందు ఇద్దరినీ అడిగాను. తర్వాత పాపను మాత్రం అడిగాను. చివరి రోజుల్లో పాప నన్ను గుర్తుపట్టలేదు.

గ్రేసమ్మ అక్కడే చనిపోయింది. హిందూపురంలోనే మట్టి చేశాం. మా ఆయనకు లేచి నిలబడే శక్తి లేదు. కబురు తెలిసి ఏసురత్నం గారు వచ్చారు. ఆ చిన్న పెట్టెను ఎవరికీ ఇవ్వకుండా సమాధుల దాకా ఆయనే మోశారు. "అమ్మా, నేనా పొద్దు..." అని మొదలుపెట్టి ముగించలేకపోయారు. నేను ఆయన మొహం చూడలేదు. అందరూ దేవుని చిత్తమన్నారు. ఏసురత్నం గారు మాత్రం ఆ మాట అనలేదు.

మా ఆయనను శానిటోరియంకు పంపారు. థొరకోప్లాస్టీ అని, కుడివైపు కొన్ని పక్కటెముకలు తీసేశారు. భుజం ఒక పక్కకు జారిపోయింది. ఆ రోజుల్లో నేను పొయ్యి ముందర మోకరించేదాన్ని గానీ నోరు తెరిచేదాన్ని కాదు. దేవుడి మీద అలిగాను. అలిగినా వచ్చి కూర్చోవడం మాత్రం మానలేదు. కూర్చుని, కాళ్ళు తిమ్మిరెక్కాక లేచి పనిలో పడేదాన్ని. చాలాకాలానికి ఒక పొద్దున మాట వచ్చింది. "ఏసురత్నం గారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతాండాది నాయనా, నువ్వే ఆర్పు" అన్నాను. అదీ ఒక్కరోజులో ఆరలేదు. రోజూ చెప్పుకోవలసి వచ్చింది.

రెండేళ్ళకు స్పూటం నెగిటివ్ వచ్చింది. కోతపండుగకు మా పాస్టరు అయ్యగారు మళ్ళీ సాక్ష్యం అడిగారు. మా ఆయన లేచి, బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "నేను బతికుండా. ఇంగా మాత్రలు మింగతాండా. దేవుడే మింగిస్తాండాడు. పోయిన తూరి నేను చెప్పింది నమ్మి మీరెవురూ మందు మానొద్దండి. నా బిడ్డ పోయింది" అన్నాడు. ఏసురత్నం గారు లేచొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, "కూర్చోప్పా, ఆయాసపడతాండావు" అన్నారు. ఆ రోజు నేను ఆ పెద్దాయన మొహం చూశాను. ముసలివాడైపోయారు.

ఇప్పుడు మేము ధర్మవరంలో ఉంటున్నాం. బరువు పని చేయలేడని ఆయనకు రైల్వే గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. మెట్లెక్కితే ఆయాసం. మాత్రలు ఆపమని డాక్టరే చెప్పాడు, అప్పుడు ఆపాం. తర్వాత మాకు పిల్లలు కలగలేదు. పొద్దున్నే ఇద్దరం మోకరిస్తాం. బరువు దేవుడి మీద వేస్తే తేలికవుతుందని చెప్తారు. నాది తేలిక కాలేదు. పొద్దున దించుకుంటాను, సాయంత్రానికి మళ్ళీ నా నెత్తి మీదే ఉంటుంది, మర్నాడు మళ్ళీ తీసుకుపోతాను. దేవుడు ఇంతవరకూ ఎందుకొచ్చావని అడగలేదు.

చదివేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. ఇంట్లో ఎవరికైనా ఈ దగ్గు ఉంటే పిల్లలనూ ఆ రోజే తీసుకుపోయి చూపించండి. బండికి వేళైతే ప్రార్థన మధ్యలోనైనా సరే లేవండి. మిగతాది రైల్లో చేసుకోవచ్చు.