సాక్షి పలికాకే తీర్పు

శరీరం నుంచి తీసిన ముక్కలు చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ మందు సీసా మూత తీయగానే ఇప్పటికీ నా కళ్లు మండుతాయి. వెంటనే నవ్వు కూడా వస్తుంది. ఘాటుకు ముక్కు మూసుకుని నవ్వే డాక్టరును చూసి ల్యాబులో వాళ్లు విస్తుపోతారు. వాళ్లెవరూ మా సుశీల మేడంను చూడలేదు మరి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నిజామాబాద్‌లో ఆమె నడిపే చిన్న ల్యాబులో జూనియర్ డాక్టరుగా చేరాను. రొమ్ము క్యాన్సర్ ఏ రకమో తేల్చే రంగుల పరీక్షకు అప్పటిదాకా గడ్డల ముక్కలు హైదరాబాద్ వెళ్లేవి. "మనకేం చేతులు లేవా?" అంటూ మేడం దాన్ని ఇక్కడే మొదలుపెట్టారు. గాజుపలక మీద క్యాన్సర్ కణాలు గోధుమరంగుకు తిరిగితే, ఆ జబ్బు ఆడ హార్మోనుతో పెరిగేదని అర్థం. రోజూ వేసుకునే మాత్రతో దాన్ని కట్టడి చేయవచ్చు. రంగు పట్టకపోతే ఆ మాత్ర దండగ.

బోధన్ దగ్గరి చెరకు రైతు రాజన్న, తన భార్య గంగమణికి ఆపరేషన్‌లో తీసిన గడ్డను సీసాలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. పరీక్ష చేస్తే ఎక్కడా గోధుమరంగు లేదు. ఆమెకు మాత్ర దారి మూసుకుపోయిందని నాకు చాలా బాధేసింది. మేడం మాత్రం క్యాన్సర్ కణాలను వదిలేసి, పక్కనున్న మంచి పాలనాళాలను చూస్తూ కూర్చున్నారు.

"గివి ఆరోగ్యంగున్న నాళాలు. వీటికి కొంచెమన్న రంగు రావాలె, రాలే. సాక్షే నోరు విప్పకపోతే తీర్పెట్ల రాస్తవమ్మా?" అన్నారు. రాజన్నను పిలిపించి, "సీసాల మందేం జేసినవ్ అన్నా?" అని అడిగారు.

"గా వాసనకు బస్సుల అందరు లొల్లి పెట్టిండ్రు మేడం. పారబోసి నీళ్లు పోసిన. మంచినీళ్లే!"

మేడం పకపకా నవ్వారు. అతన్ని ఒక్క మాట అనలేదు. నీళ్లలో గడ్డ పాడైపోయింది. అయితే ఆపరేషన్‌కు ముందు సూదితో తీసిన ముక్క మా దగ్గరే మైనంలో భద్రంగా ఉంది. దానికి మళ్లీ రంగు వేశాం. ఈసారి మంచి నాళాలకూ రంగు పట్టింది, క్యాన్సర్ కణాలకైతే చిక్కటి గోధుమరంగు! సంతోషం పట్టలేక కేక పెట్టాను. "చూసినవా, సాక్షి మాట్లాడింది!" అని మేడం నా వీపు చరిచారు.

కొన్నేళ్లకు మేడం ల్యాబును నాకు అప్పగించిన రోజున గంగమణి నిండు ఆరోగ్యంతో వచ్చింది. వెనకే రాజన్న, చేతిలో చెరకు రసం క్యాను.

"తాగుండ్రి మేడం. నేను పక్కనుండి సూసిన, ఈయన సుక్క నీళ్లు గూడ పోయలే" అంది.

మేడం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

ఇప్పుడు మేడం లేరు. ఏ పలక నా ముందుకొచ్చినా జబ్బు కణాలకంటే ముందు పక్కనున్న మంచి నాళాన్నే వెతుకుతాను. అది పలికాకే కలం తీస్తాను.