పుస్తకాల్లేని భాష

అల్బుకర్కీ నుంచి శాంటా ఫే వెళ్ళే ట్రైన్‌లో నా పక్కన ఒక ప్యూబ్లో ఆదివాసీ పెద్దావిడ కూర్చుంది. ఫోన్‌లో మనవరాలితో తమ కేరెస్ భాషలో మాట్లాడుతోంది. ఆ పిల్లేమో ఇంగ్లీష్‌లోనే జవాబిస్తోంది. ఆవిడ విసుక్కుంటూ ఫోన్ పెట్టేసింది.

"మీ మాటలు రికార్డ్ చేసివ్వండి, పిల్లలు నేర్చుకునేలా నేను యాప్ తయారుచేస్తాను," అన్నాను.

"మా ఊళ్ళో భాషని రాయం, రికార్డ్ చెయ్యం. మాట్లాడే నేర్పుతాం."

నాకు ఒళ్ళు మండింది. "అలా అయితే భాష పోతుంది కదండీ!"

"మీ భాషకి రాత ఉందా?"

"ఉంది. పుస్తకాలు, సినిమాలు, అన్నీ ఉన్నాయి."

"మీ పిల్లలు మాట్లాడతారా?"

ఆవిడ తన స్టేషన్‌లో దిగిపోయింది.

మా ఊరు ఇర్వింగ్‌కి తిరిగొచ్చాక మా అమ్మాయితో ఇంగ్లీష్ మానేసి తెలుగే మాట్లాడాను. తనకి కోపం, నాకు చిరాకు. మూడో వారం తను పుస్తకం విసిరికొట్టి, "నాన్నా, నువ్వు నన్ను వదిలెయ్యి!" అని అరిచింది.

తన నోట నేను విన్న మొదటి పూర్తి తెలుగు వాక్యం అదే.