నూట ఏడు డిగ్రీలు

అవి 1970ల చివరి సంవత్సరాలు. ఖతార్‌లో చమురు డబ్బు పొంగిపొర్లుతున్న కాలం. దోహా నుంచి లాంచీలో కొన్ని గంటలు ప్రయాణిస్తే వచ్చే ఒక చిన్న దీవిలో, చమురు ట్యాంకుల పక్కనున్న రెండు గదుల క్లినిక్‌లో నేను మేల్ నర్సుని. మాది గుంటూరు జిల్లా. మిషన్ ఆసుపత్రిలో శిక్షణ పొందాను. డాక్టరు దోహా నుంచి వారానికి రెండుసార్లు వచ్చేవారు. మిగతా రోజుల్లో గాయం కడగాలన్నా, కుట్లు వేయాలన్నా, రేడియోలో ఆయన్ని అడిగి ఇంజెక్షన్ చేయాలన్నా నేనే. ట్యాంకుల తుప్పు గీకి రంగులు వేసే గ్యాంగులో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్ వైపువాళ్ళు. ఇంటికి రాయించే ఉత్తరాల్లో మాత్రం ‘దుబాయ్ నుంచి’ అనే రాయించేవారు. ఖతార్ అంటే ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఒక ఏడాది జూలైలో మా సైటు సూపరింటెండెంటు కొడుకు ఆరన్ వచ్చాడు. అమెరికా కుర్రాడు, ఇరవై ఒక్క ఏళ్ళు. వాళ్ళది మోర్మన్ అనే క్రైస్తవ శాఖ. ఆ శాఖలో పంతొమ్మిదేళ్ళు నిండిన కుర్రాళ్ళు రెండేళ్ళపాటు ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళి ప్రచారమూ సేవా చేస్తారు. ఆరన్ పసిఫిక్ సముద్రంలో కొబ్బరిచెట్లూ వానలూ ఉన్న ఒక దీవిలో ఆ రెండేళ్ళూ ముగించుకుని, ఇంటికి వెళ్తూ తండ్రి దగ్గర వారం రోజులు ఆగాడు. ఖతార్‌లో మతప్రచారం నిషిద్ధం. దేవుడి మాట ఎత్తవద్దని తండ్రి ముందే గట్టిగా చెప్పాడు. ఆరన్ ఎత్తలేదు కూడా.

వచ్చిన మర్నాడే, ఆదివారం పొద్దున, తెల్ల చొక్కా వేసుకుని క్లినిక్ గుమ్మంలో నిలబడ్డాడు.

"వారం రోజులు ఊరికే కూర్చోలేను రావ్. ఏదైనా పని ఇవ్వు."

బ్యాండేజీలు చుట్టమన్నాను. చుట్టాడు. నేల తుడిచాడు. టీ ఇస్తే వద్దన్నాడు, వాళ్ళ మతంలో టీ, కాఫీ కూడా నిషేధమట. "చాయ్ తాగని దొర" అని గ్యాంగువాళ్ళు నవ్వారు. "ఎక్కడ నొప్పి?" అనే మాట నా దగ్గర నేర్చుకుని, లోపలికి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగేవాడు, వేలు తెగి రక్తం కారుతున్నవాణ్ణి కూడా.

అలా వచ్చినవాళ్ళలో నలుగురైదుగురు కాళ్ళు పట్టేస్తున్నాయన్నవాళ్ళే. దాన్ని హీట్ క్రాంప్స్ అంటాం. చెమటతో నీరూ ఉప్పూ పోయి కండరాలు బిగుసుకుపోవడం. నేను సాల్ట్ ట్యాబ్లెట్లు ఇచ్చి పంపేవాణ్ణి. ఆరన్ అంతటితో ఊరుకోలేదు. సోమవారం వాళ్ళ వెంట ట్యాంకు దాకా నడిచి వెళ్ళి, చూసి వచ్చాడు.

"నీళ్ళ డ్రమ్ము ఎక్కడో లాంచీలు ఆగే జెట్టీ దగ్గర ఉంది. ట్యాంకు దగ్గర చుక్క లేదు. ఫోర్‌మన్‌ని అడక్కుండా ఎవరూ కదలకూడదట. నీకు తెలుసా?"

"తెలుసు" అన్నాను.

 ఆ మధ్యాహ్నం అతను వంటశాల నుంచి రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో నీళ్ళు, మంచుగడ్డలు తీసుకుని, తోపుడుబండి మీద ట్యాంకు దగ్గరికి తోసుకెళ్ళాడు. మంగళవారం రెండుసార్లు వెళ్ళాడు. ఆ రోజు క్లినిక్‌కి క్రాంప్స్ అంటూ ఎవరూ రాలేదు.

బుధవారం ఫోర్‌మన్ ఫిర్యాదు చేశాడు. పని ఆగిపోతోందట, మనుషులు బండి కోసం ఎదురుచూస్తున్నారట. సూపరింటెండెంటు సాయంత్రం క్లినిక్‌కి వచ్చి, నా ముందే కొడుకుతో అన్నాడు: "నా సైటులో నా కొడుకు నీళ్ళు మోస్తూ తిరిగితే, నేను వీళ్ళకు నీళ్ళివ్వడం లేదని కాదా అర్థం? రేపటి నుంచి అటు వెళ్ళకు."

ఆయన వెళ్ళాక ఆరన్ నన్ను అడిగాడు, ఏం చేయమంటావని.

"నాలుగు రోజుల్లో వెళ్ళిపోయేవాడివి. తండ్రి మాట విను" అన్నాను. అతని మంచికే చెబుతున్నాననుకున్నాను. నిజానికి సూపరింటెండెంటుకి నా మీద కోపం వస్తుందన్నదే నా భయం.

గురువారం ఆరన్ వెళ్ళలేదు. మధ్యాహ్నం రెండు దాటాక నలుగురు ఒక చెక్క మీద మనిషిని మోసుకొచ్చారు. పేరు రాజయ్య, జగిత్యాల దగ్గరి పల్లెవాడు, ముప్పై దాటలేదు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చుక్క చెమట లేదు. హీట్ స్ట్రోక్ లక్షణం అదే: ఒంటికి తనను తాను చల్లబరచుకునే శక్తి పోతుంది. మలద్వారం నుంచి చూసే రెక్టల్ థర్మామీటర్ పెట్టాను, ఇలాంటప్పుడు నోట్లో పెట్టి చూస్తే సరిగా తెలియదు. నూట ఏడు డిగ్రీలు. ఆరన్‌కి చూపించాను. అతను గట్టిగా చదివాడు.

తడి దుప్పట్లు కప్పాం, చంకల్లో మంచు పెట్టాం, ఫ్యాను తిప్పాం, సెలైన్ ఎక్కించాను. రేడియోలో, మనిషి పడిపోయాడని చెప్పగానే, ఇంకేమీ అడక్కుండా డాక్టరు దోహాకి తీసుకురమ్మన్నారు. లాంచీ సిద్ధమయ్యేలోపే ఫిట్స్ వచ్చాయి. మోసుకొచ్చిన వాళ్ళలో మల్లేశం అనే అతను రాజయ్య కాళ్ళు పట్టుకుని గొణుగుతున్నాడు: "పొద్దటిసంది అడుగుతున్నడు సార్, దొర బండి వస్తలేదా అని. నేనే జర ఆగు, వస్తదన్న."

నేను ఆ మాట ఆరన్‌కి తర్జుమా చేయలేదు. ‘దొర’, ‘బండి’ అన్న రెండు మాటలూ అతనికి అప్పటికే తెలుసు.

నాలుగు కాకముందే రాజయ్య చనిపోయాడు. ఆరన్ ప్రార్థన కోసం అతని తల మీద చేయి పెట్టబోయి, ఆగి, నన్ను చూశాడు. మల్లేశమే అన్నాడు, "పెట్టనియ్యుండ్రి సార్. వాన్ని మన్షి లెక్క చూసిండు." ఆరన్ చేయి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. పెదవులు కదల్లేదు.

గంటలో సూపరింటెండెంటు వచ్చాడు. మొదటి డెత్ రిపోర్టు నేను రాయాలి. దాన్ని బట్టే డాక్టరు కారణం రాసి సంతకం చేస్తారు. ఆయన ఔట్‌పేషెంట్ రిజిస్టర్ తెప్పించుకుని పేజీలు తిప్పాడు. మూడు వారాల కిందట రాజయ్య ఛాతీ నొప్పని వచ్చాడు. ఇనుప పైపు ఎత్తి కండరం పట్టేసిందంతే.

"ఛాతీ నొప్పి అని నువ్వే రాశావు. అంటే గుండెజబ్బు మనిషే కదా, రావ్?"



"జ్వరం నూట ఏడు ఉంది. నేను చదివాను" అన్నాడు ఆరన్.

"నువ్వు నర్సువి కాదు. బయటికి వెళ్ళు."

ఆరన్ కదల్లేదు. నా వైపు తిరిగాడు. "రావ్, చెప్పు."

చెప్పలేదు. నా ఇద్దరు తమ్ముళ్ళ చదువులూ ఈ ఉద్యోగం మీదే నడుస్తున్నాయని మనసులో అనుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆ క్షణంలో నా చేయి కాగితం మీదికి వెళ్ళింది తమ్ముళ్ళ కోసం కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషి చూపు భరించలేక. ‘హార్ట్ ఫెయిల్యూర్’ అని రాశాను. టెంపరేచర్ గడి ఖాళీగా వదిలేశాను.

శుక్రవారం పొద్దునే ఆరన్‌ని లాంచీ ఎక్కించి పంపేశారు. జెట్టీ దగ్గరికి వెళ్ళాను. తిడతాడనుకున్నాను.

"తండ్రి మాట వినడం దేవుడి ఆజ్ఞ అని రెండేళ్ళు ఊరూరా చెప్పాను. నిన్న విన్నాను, మనిషి చచ్చిపోయాడు. ఇంటికెళ్ళి చర్చిలో నా సేవ గురించి అందరిముందూ మాట్లాడాలి. ఏం చెప్పను?"

 అతను చేయి చాపలేదు. తర్వాత అతని గురించి ఏమీ తెలియలేదు. నీళ్ళ డ్రమ్ము మరో రెండు వేసవులు జెట్టీ దగ్గరే ఉందట.

రెండు నెలల తర్వాత నన్ను దోహాలోని కంపెనీ డిస్పెన్సరీకి మార్చారు. ఒకరోజు ఆ ఊళ్ళోనే ఉమ్ ఘువైలినా అనే పేటలో కట్టుబడి పని చేసే ఒకతను వెతుక్కుంటూ వచ్చాడు. రాజయ్య తమ్ముడు లచ్చయ్య. ఇరవై ఐదేళ్ళుంటాయి. ఎద్దులాంటి ఒళ్ళు. తిట్టడానికే వచ్చాడనుకుని లేచి నిలబడ్డాను.

"మా అన్నను ఆఖరికి మీరే సూసిన్రట గద సార్. కాయితంల గుండెజబ్బు అని రాసిన్రు. మా ఇంట్ల ఎవలకు లేకుండె. ఒక తల్లి కడుపుల పుట్టినోళ్ళం, నాక్కూడ ఉంటదేమో జర సూడుండ్రి."

చొక్కా గుండీలు విప్పి బల్ల మీద పడుకున్నాడు. స్టెతస్కోపు పెట్టాను. గుండె టకటకా నిక్షేపంగా కొట్టుకుంటోంది.

"నీకేం లేదయ్యా. బాగుంది."

"మా అన్నది గూడ మంచిగనే ఉండె సార్, గట్లనే పోయిండు. అమ్మ ఉత్తరం రాపిచ్చింది, బరువు మోయకు బిడ్డా, తిరిగి రా అని. అన్న కొడుకును గూడ పొలం పనికి పంపుతలేదట, ఏడేండ్ల పోరడు, పరుగెత్తనిస్తలేరట."

మళ్ళీ చెప్పాను, ఏమీ లేదని. అతను నమ్మలేదు. గుండె మందు ఏదైనా రాసివ్వమని బతిమాలాడు. నిజం చెప్పడానికి నాకు ఒకే ఒక్క వాక్యం చాలు. నోరు తెరిచాను, పక్కగదిలో ఆఫీసు మేనేజరు గొంతు వినబడింది, మూసుకున్నాను. బీకాంప్లెక్స్ మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాను. రెండు చేతులా దండం పెట్టి తీసుకెళ్ళాడు.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు గల్ఫ్‌లోనే పనిచేశాను. ఎవరిని మోసుకొచ్చినా, పక్కనెవరున్నారో చూడకముందే టెంపరేచర్ ఇంకుతో రాసేవాణ్ణి. జూనియర్లకు అదే నేర్పాను. మంచి పద్ధతి అని మెచ్చుకున్నారు. చనిపోయినవాడి గురించి ఒక అబద్ధం రాస్తే అది అతనితో పాటు మట్టిలో కలిసిపోతుందనుకునేవాణ్ణి. కలవదు. జగిత్యాల దగ్గర ఒక పల్లెలో, ఏ జబ్బూ లేని ఒక పిల్లవాణ్ణి పరుగెత్తవద్దని అది కూర్చోబెట్టింది.