జవాబు తెమ్మన్న మా చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయిందని ఆమె కూతురు, మా చెల్లెలు, ఫోన్ చేసినప్పుడు నేను మార్కాపురంలో, డయాలసిస్ యూనిట్‌లో, ఆమె కోసమే మిషన్ సిద్ధం చేస్తున్నాను. ఆ ఉదయం ఆమె వంతు. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఆటో కోసం గడప మీద కూర్చుందట. ఆటో వచ్చి హారన్ కొడితే లేవలేదు. గుండె ఆగిపోయింది. కిడ్నీలు పోయినవాళ్లకు ఇట్లా జరగొచ్చని నర్సుగా నాకు తెలుసు. తెలిసినా, అమర్చిన గొట్టాలు మళ్లీ విప్పడానికి చేతులు చాలాసేపు ఒప్పుకోలేదు.

ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూటంలో అందరూ ఆమెను ఓర్పుగల తల్లి అన్నారు. బాధనంతా మౌనంగా భరించిందన్నారు. చనిపోయిన ఆడమనిషి గురించి అట్లా అనడం మనకు అలవాటు. ప్రార్థన జరుగుతున్న చోట లేచి కాదనలేకపోయాను. ఇక్కడ కాదంటున్నాను. మా చిన్నమ్మకు ఓర్పు లేదు. మౌనం అసలే లేదు. అవి లేకపోబట్టే ఈరోజు మా చెల్లెలు, ఊళ్లో ఇంకొందరు, తమ కాళ్ల మీద తిరుగుతున్నారు.

ఆమె మా అమ్మకు చెల్లెలు. ఊరు పుల్లలచెరువు దాటాక అడవి వైపు. అన్నీ మెట్ట చేలు, తాగేది బోరు నీళ్లు. మిరపకాయల కోత, పత్తి తీత, కంది కోత, ఏది దొరికితే ఆ కూలి. ఎండలో వంగి వంగి నడుము పట్టేస్తే సాయంత్రం దుకాణంలో నొప్పి బిళ్ల కొని మింగడం, తెల్లారి మళ్లీ చేలోకి పోవడం. ఆమె ఒక్కతే కాదు, ఊరంతా అంతే. బాబాయీ అంతే.

బాబాయి బతికున్నప్పుడు ఎక్కడి నుంచో ఒక బృందం వచ్చి ఊళ్లో పెద్దవాళ్ల రక్తం, మూత్రం తీసుకుపోయింది. ఏముందో చెబుతామన్నారు. తిరిగి రాలేదు. ఏమీ లేదు కాబట్టే రాలేదనుకుని బాబాయి కూలికి పోతూనే ఉన్నాడు. కాళ్లు వాచి, అన్నం చూస్తేనే వాంతి వచ్చే దశలో మా ఆసుపత్రికి తెచ్చారు. అప్పటికి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. ఎక్కువ కాలం ఉండలేదు. కొన్నేళ్లకు చిన్నమ్మకూ అదే జబ్బని తేలింది.

అప్పటి నుంచి ఆమె నా పేషెంట్. రోజు విడిచి రోజు ఆటోలో, బస్సులో వచ్చేది. వచ్చిన ప్రతిసారీ పెళ్లికి పోతున్నట్టు తయారై వచ్చేది. ఆసుపత్రికే కదా చిన్నమ్మా అంటే, జబ్బుకు మర్యాద ఇచ్చి మాసిన చీర కట్టుకుని రావాలా అని అడిగేది. మంచం మీద పడుకున్నాక ప్రశ్నలు మొదలు. ఆ సూది ఎందుకు, ఈ ఎర్ర దీపం ఏంది, ఇవాళ ఒంట్లోంచి ఎంత నీరు తీస్తున్నావు, మొన్నటి కంటే ఎక్కువ ఎందుకు. నేను పనిలో ఉండి ఊఁ కొడితే ఊరుకునేది కాదు. "అది నా ఒళ్లు పాపా. నీకు తెలిసింది నాకూ చెప్పు," అనేది. ఆమె వల్ల పక్క మంచాల వాళ్లూ అడగడం మొదలుపెట్టారు. మొదట్లో మాకు విసుగొచ్చేది. తర్వాత సూది గుచ్చేముందు చెప్పడం మా అందరికీ అలవాటైంది.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో రక్తనాళాలను కలిపి ఫిస్టులా వేశారు. చెయ్యి పెడితే జుయ్యిమని అదురుతుంటుంది. ఊళ్లో పిల్లల్ని పిలిచి చెయ్యి పెట్టించి, లోపల మోటారు తిరుగుతాందిరా అని నవ్వించేది. దాహం మాత్రం ఆమెను బాగా ఏడిపించింది. తాగిన నీరు బయటికి పోదు కాబట్టి కొలిచినట్టు గుక్కెడు తాగాలి. నోట్లో చిన్న ఐసుముక్క పెట్టుకుని, అది కరిగేదాకా మాట్లాడకుండా ఉండేది. ఆమె నోరు మూసుకోవడం నేను చూసింది అప్పుడే. ఇంత తిరుగుడు ఎందుకు, ఇంట్లోనే ఉండి ప్రార్థన చేసుకోరాదా అని ఒక బంధువు అన్నప్పుడు, "జబ్బు కిడ్నీలకొచ్చింది గానీ నోటికి రాలేదు. ప్రార్థన మిషన్ మీద పడుకుని కూడా చేసుకుంటా," అంది.

ఒక ఎండాకాలం ఊరికి ఇంకో బృందం వచ్చింది. మన మెట్ట పల్లెల్లో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తెలుసుకోవడానికి పరిశోధన. ఆ బృందానికి పెద్దగా వచ్చిన డాక్టరమ్మకు ముప్పై ఏళ్లు దాటి ఉండవు. రక్తం తీయడానికి తెలిసిన మనిషైతే జనం భయపడరని నన్ను పిలిచారు. చర్చి వసారాలో బల్ల వేసి, సూదులు, సీసాలు సర్దుకుని కూర్చున్నాను. జనం వరుసలో నిలబడ్డారు. చిన్నమ్మ వచ్చి వరుస ముందు, బల్లకు అడ్డంగా నిలబడింది.

అప్పుడు తీసుకుపోయిన రక్తంలో ఏముందో ముందు చెప్పమని అడిగింది. డాక్టరమ్మ మర్యాదగానే, అది తీసినవాళ్లు వేరు, మేము వేరు అంది. మీరంతా చదువుకున్నవాళ్లు, మీలో మీకు తెలుసుంటుంది, కనుక్కుని రమ్మంది చిన్నమ్మ. నేను లేచి ఆమె భుజం పట్టుకుని, పక్కకు రమ్మని మెల్లగా చెప్పాను. ఆమె కదలలేదు. ఆమెకు వరుసకు బావ అయ్యే ఊరిపెద్ద ఒకాయన ముందుకొచ్చాడు.

"ఏంది మరదలా ఇది? వీళ్లకు కోపమొస్తే మనకు వచ్చే ఫిల్టర్ నీళ్ల ప్లాంటు కూడా పోతాది."

"రక్తం ఇయ్యొద్దని నేను అనట్లే బావా. జవాబు తెమ్మంటున్నా. ఆయన రక్తం తీసుకపోయినారు. ఆయన పోయినాడు. ఆ రక్తం ఏం చెప్పిందో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలే."

వరుసలో మొదట నిలబడ్డ ముసలామె పక్కకు తప్పుకుంది. ఆమె వెనక ఇంకొకామె. చూస్తుండగానే నా బల్ల ముందు ఎవరూ లేరు. డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. కానీ వాదించలేదు. కనుక్కుంటాను, ఎంత దొరుకుతుందో తెలియదు అని చెప్పి, సీసాలు పెట్టెలో సర్దించుకుని వెళ్లిపోయింది.

తర్వాత చాలా నెలలు ఎవరూ రాలేదు. ఊరు చిన్నమ్మ మీదికి తిరిగింది. వచ్చిన డాక్టర్లను తరిమింది, ప్లాంటు రాకపోతే ఈమె వల్లే అని ఎదురుగానే అన్నారు. కొందరు చర్చిలో ఆమె పక్కన చాప మీద కూర్చోవడం మానేశారు. అది ఆమెకు నొప్పే. డయాలసిస్ జరుగుతుంటే ఒకరోజు గోడవైపు తిరిగి, నేను చెడగొట్టినానా పాపా అని అడిగింది. నేను మిషన్ మీద అంకెలు చూస్తుంటే ఆమే, లేదులే, అడగాల్సిందే అడిగినా అంది.

చలికాలంలో డాక్టరమ్మ తిరిగొచ్చింది. ఆ పాత బృందాన్ని పట్టుకుని, బతిమాలి, దొరికినన్ని రిపోర్టులు తెచ్చింది. అందరివీ దొరకలేదు. రిపోర్టు దొరికినవాళ్లను ఒక్కొక్కరినే పాస్టరుగారి గదిలో కూర్చోబెట్టుకుని, తలుపు మూసి, తెలుగులో చెప్పింది. ఆమె పక్కన నన్ను ఉండమన్నారు.

బాబాయిది దొరికింది. కిడ్నీలు అప్పటికే దెబ్బతినడం మొదలైందని అందులో ఉంది. చిన్నమ్మ విని తన చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"అప్పుడే చెప్పి ఉంటే బతికేటోడా?"

బతికేవాడని నేను చెప్పలేనమ్మా, ఇంకొన్నాళ్లు ఎక్కువ ఉండేవాడేమో, నొప్పి బిళ్లలు అప్పుడే ఆపేవాళ్లం అంది డాక్టరమ్మ. ఇది నీళ్ల వల్లా, బిళ్లల వల్లా, ఎండలో నీళ్లు తాగకుండా చేసే పని వల్లా అని చిన్నమ్మ అడిగితే, మూడిట్లో ఏది ఎంతో మాకింకా తెలియదు, అందుకే వచ్చాను అంది.

"తెలియదని చెప్పినావు చూడు, ఆ మాట మీద నమ్మకం కుదిరింది," అంది చిన్నమ్మ. కళ్లు తుడుచుకుని బయటికి పోయి, వసారాలో ఉన్నవాళ్లను తనే వరుసలో నిలబెట్టింది. ఒకటే షరతు. ఎవరి జవాబు వాళ్లకు, వాళ్ల భాషలో, మనిషి వచ్చి చెప్పాలి. డాక్టరమ్మ ఒప్పుకుంది. మాట తప్పలేదు.

ఆ విడతలోనే మా చెల్లెలికి జబ్బు మొదలైన సంగతి బయటపడింది. ఒంట్లో ఏ బాధా లేదు ఆ పిల్లకు. బీపీ మాత్రలు మొదలుపెట్టాం, నొప్పి బిళ్లలు మాన్పించాం, ఇప్పటికి జబ్బు ముందుకు పోకుండా నిలబడి ఉంది. ఇట్లా బయటపడ్డవాళ్లు ఊళ్లో ఇంకొందరున్నారు. చిన్నమ్మ పక్కన కూర్చోనివాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఆమె ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. చేలో పనికి పోయేవాళ్లకు మాత్రం ఎదురెళ్లి, నీళ్ల సీసా చూపించమనేది. తను గుక్కెడుకు మించి తాగలేని మనిషి, వాళ్లు తాగేదాకా అక్కడే నిలబడేది.

నర్సింగ్ చదువులో నాకు రోగి హక్కుల గురించి పాఠం ఉంది. పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాను. దానికి ముఖం, గొంతు వచ్చింది మాత్రం ఆమెతోనే. ఆమె జబ్బు తగ్గలేదు. డాక్టరమ్మ పరిశోధన ఇంకా పూర్తి కాలేదు. ఇన్ని పల్లెల్లో ఇంతమంది ఎందుకు పోతున్నారో ఇప్పటికీ మాకు పూర్తిగా తెలియదు. అయినా అడగడం ఆపమని ఎవరైనా చెబితే వినే రకం కాదిప్పుడు మేము.

ఆదరణ కూటం అయ్యాక భోజనాలు జరుగుతుంటే, అడవి అంచు పల్లె నుంచి వచ్చిన ఒక బంధువు, మా ఊళ్లో కూడా రేపు ఎవరో రక్తం తీయడానికి వస్తున్నారు అంది. ఫలితం ఎప్పుడు చెబుతామన్నారని మా చెల్లెలు అడిగింది. ఆమె తెల్లమొహం వేసి, అడగలేదంది. చెల్లెలు తింటున్న విస్తరి మడిచి లేచింది. "పద పిన్నీ, ఈ పూటే పోయి మీ ఆడోళ్లందరితో మాట్లాడి వద్దాం," అంది. ఇంకొందరు చేతులు కడుక్కుని ఆమె వెంట నడిచారు.

ఊరి ఆటో ఒకటి నిండిపోయింది. ఇద్దరు వెనక చెక్క మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. ఎర్రమట్టి మిట్ట ఎక్కలేక ఆటో మధ్యలో మొరాయించింది. ఆ ఇద్దరూ కిందికి దూకి, చీరలు దోపుకుని, భుజాలు ఆనించి నెట్టారు. ఆటో కదిలింది. వాళ్లు దాని వెంట పరుగెత్తి, అది ఆగకుండానే మళ్లీ ఎక్కి కూర్చున్నారు.